అమృతమూ, హాలాహలమూ: యెల్లాప్రగడ సుబ్బారావు జీవితం

దేవదానవులు పాలకడలిని చిలికినప్పుడు మొదట పుట్టినది హాలాహలం. అమృతం కడపట వచ్చింది. రెండింటికీ తల్లి ఒకే కడలి. వైద్యశాస్త్ర చరిత్రలో ఈ పురాణగాథకు సాటి రాదగిన ఘట్టం ఒకటి కలదు. అమెరికాలోని ఒక ఔషధ పరిశోధనాలయంలో, ఒక తెలుగువాని పర్యవేక్షణ క్రింద, రెండు మూడేళ్ల వ్యవధిలో రెండు పదార్థాలు రూపొందినవి. ఒకటి రక్తాన్ని వృద్ధి చేసే విటమిను. రెండవది ఆ విటమినుకు బద్ధవైరి. ఇక్కడ వరుస మాత్రం తారుమారయింది: అమృతం ముందు, హాలాహలం వెనుక. చిత్రమేమంటే, నేడు వైద్యుడు ఆ రెండింటినీ ఒకే మందుచీటీపై వ్రాస్తున్నాడు. ఒకదానిని వారానికి ఒకనాడు, రెండవదానిని మరియొకనాడు. ఆ వారాల లెక్క తప్పితే రోగి ప్రాణానికే ముప్పు. ఆ పరిశోధనకు సారథి యెల్లాప్రగడ సుబ్బారావు. ఆయన జీవితమంతా ఒక విధంగా కొలతకు సంబంధించిన కథ.

బాల్యం, విద్య

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. వారి ఏడుగురు సంతానంలో ఆయన ఒకరు. తండ్రి రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం వలన ఆయన ముందుగానే ఉద్యోగం విరమించవలసి రావడంతో ఇంట లేమి నెలకొన్నది. పిల్లవానికి చదువుపై మొదట అంత శ్రద్ధ లేదు. పదమూడేళ్ల ప్రాయంలో, కాశీ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించవచ్చునని తలచి ఇల్లు విడిచి బయలుదేరాడు. పెద్దలు వెదకి వెనుకకు తెచ్చారు. తండ్రి గతించిన పిమ్మట తల్లి పట్టుదలే ఆ కుటుంబానికి ఆధారమయింది. తన నగలు అమ్మియైనా కుమారుని చదివించాలని ఆమె నిశ్చయించింది.

రాజమండ్రిలో సాగిన చదువు చెన్నపట్టణంలో ముగిసింది. మెట్రిక్యులేషన్‌లో రెండుమారులు తప్పి, మూడవమారు తిరువల్లిక్కేణిలోని హిందూ ఉన్నత పాఠశాల నుండి కృతార్థుడయ్యాడు. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివే కాలంలో మనస్సు వైరాగ్యం వైపు మళ్లింది. రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలని ఉబలాటపడ్డాడు. తల్లి అంగీకరించలేదు. రోగులకు సేవ చేయడం కూడా సన్యాసం వంటిదేనన్న భావంతో వైద్యవిద్యకు పూనుకున్నాడు.

మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజులలో గాంధీజీ పిలుపు దేశమంతటా మారుమ్రోగుతున్నది. విదేశీ వస్త్రాన్ని విడిచి, శస్త్రచికిత్సాగారానికి సయితం ఖద్దరు అంగీ ధరించి వెళ్లాడు సుబ్బారావు. అది ఆంగ్ల ఆచార్యునికి రుచించలేదు. ఫలితంగా ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు దానికన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. ఆ పట్టాతో ప్రభుత్వ వైద్యశాఖలో మంచి పదవి దొరకదు. మద్రాసులో ఆచంట లక్ష్మీపతి నడిపే ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించే ఉద్యోగంలో ఆయన కుదురుకున్నారు.

అంతకు ముందే, 1919లో, ఆయనకు శేషగిరితో వివాహమయింది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి అల్లుని చదువుకు అండగా నిలిచారు. ఆ రోజులలోనే ఆ ఇంటిపై పెద్ద పిడుగు పడింది. సుబ్బారావు సోదరులు ఇద్దరు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ వ్యాధికి బలియయ్యారు. మన పెద్దలు గ్రహణి అని పిలిచిన రోగాలకు దగ్గరగా ఉండే జాడ్యమది. తిన్నది వంటబట్టదు, విరేచనాలు ఆగవు, నాలుక పూస్తుంది, రక్తం క్షీణించి దేహం పాలిపోతుంది. దానికి మందు ఆనాడు ఎవరి వద్దా లేదు. తోడబుట్టినవారిని కాపాడుకోలేకపోయిన దుఃఖం సుబ్బారావును జీవితాంతం వదలలేదు.

సముద్రం దాటి

ఉష్ణమండల వ్యాధులను క్షుణ్ణంగా చదవాలని ఆయన అమెరికా ప్రయాణం తలపెట్టారు. మామగారి సహాయానికి కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయం తోడయింది. 1922 అక్టోబరు 26వ తేదీన బోస్టన్ నగరంలో అడుగు పెట్టేనాటికి చేతిలో మిగిలినది స్వల్పం. హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్యం చదువుతూ, పొట్ట గడవడానికి ఒక ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని చేశారు. స్వదేశంలో డాక్టరుగా మన్నన పొందిన వ్యక్తి ఆ పనిని చిన్నతనంగా ఎంచలేదు.

ఆయన దేశం విడిచిన తరువాత ఇంట కుమారుడు పుట్టాడు. ఏడాది నిండకుండానే ఆ బిడ్డ కన్నుమూశాడు. తండ్రి బిడ్డను చూడలేదు. రెండు మూడేళ్లలో తిరిగి వస్తానని భార్యకు మాట ఇచ్చి వెళ్లిన సుబ్బారావు మరి మాతృదేశానికి రానేలేదు. మొదట ధనం చాలలేదు, పిదప పరిశోధన విడువలేదు, ఆపై యుద్ధం అడ్డువచ్చింది. శేషగిరి ఎదురుచూపు అట్లే మిగిలిపోయింది. మహాపురుషుల చరిత్రలు వ్రాసేటప్పుడు ఇట్టి ఇల్లాండ్రు చెల్లించిన మూల్యాన్ని విస్మరించరాదు.

నీలిరంగు చెప్పిన లెక్క

డిప్లొమా పొందిన పిమ్మట సుబ్బారావు హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని వద్ద జీవరసాయన శాఖలో చేరారు. అక్కడ ఆయనకు అప్పగించిన పని పైకి చూడ అల్పమైనది: రక్తంలోను, మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో కనుగొనే సులభమార్గం కావాలి. అంతకు ముందున్న పద్ధతులు కష్టసాధ్యమైనవి, ఫలితాలు నిలకడలేనివి.

ఫిస్క్, సుబ్బారావు కనిపెట్టిన విధానం సారాంశం ఇది. రక్తం నుండి మాంసకృత్తులను తొలగించి, మిగిలిన ద్రవంలో అమోనియం మాలిబ్డేట్ కలుపుతారు. భాస్వరం దానితో కూడి ఒక సమ్మేళనమవుతుంది. దానిపై తగిన క్షయకరణ ద్రవ్యం ప్రయోగిస్తే నీలిరంగు పుట్టుతుంది. భాస్వరం ఎంత ఎక్కువైతే నీలిమ అంత చిక్కన. తెలిసిన పరిమాణం గల ద్రవం రంగుతో పోల్చి చూస్తే లెక్క తేలిపోతుంది. 1925లో వెలువడిన ఈ పద్ధతి దేశదేశాల ప్రయోగశాలలకు ప్రాకింది. వైద్యవిద్యార్థులు దశాబ్దాల తరబడి ఈ ఇద్దరి పేర్లు వల్లించారు.

ఈ కొలబద్ద చేతికి వచ్చిన తరువాతనే పెద్ద సత్యాలు బయటపడినవి. కండరంలో దాగిన ఒక భాస్వర సమ్మేళనం, ఫాస్ఫోక్రియాటిన్, 1927లో వారికి దొరికింది. 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ అనే పదార్థాన్ని కండరం నుండి వేరు చేశారు. జర్మనీలో లోమన్ అనే శాస్త్రజ్ఞుడు అదే కాలంలో స్వతంత్రంగా దానిని కనుగొన్నాడు. నేడు ఉన్నత పాఠశాల విద్యార్థి సయితం ఏ.టి.పి. అని పిలుచుకునే ఆ పదార్థం ప్రాణికోటిలోని సమస్త జీవకణాలకు శక్తినిచ్చే నాణెం. 1930లో సుబ్బారావుకు డాక్టరేటు లభించింది. అయినను హార్వర్డులో స్థిరమైన ఆచార్యపదవి దక్కలేదు. తన పేరు తాను చాటుకొనే స్వభావం ఆయనకు లేదు.

రక్తాన్ని వృద్ధి చేసే విటమిను

1940లో సుబ్బారావు న్యూయార్కు సమీపాన పెర్ల్ రివర్ పట్టణంలోని లెడర్లీ పరిశోధనాలయానికి తరలిపోయారు. కొద్దికాలంలోనే అక్కడి పరిశోధనలన్నింటికీ అధిపతి అయ్యారు. పాండురోగాలను కుదిర్చే శక్తి కాలేయంలో ఉన్నదని అప్పటికే వైద్యులు ఎరుగుదురు. ఆ శక్తి ఏ పదార్థానిదో తేల్చడం ఆయన మనస్సులో ఎప్పటి నుండో ఉన్న కోరిక.

ఈ కథకు మన దేశంలోనే ఒక పూర్వరంగం ఉన్నది. 1928 నుండి లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణులకు కలిగే తీవ్రమైన రక్తహీనతను పరిశోధించింది. పేద మిల్లు కార్మికుల ఇండ్లలో ఆ జాడ్యం ఎక్కువ. చవకగా దొరికే ఈస్టు సారం తినిపిస్తే వారికి గుణం కనిపించినది. ఆ సారంలోని గుణకారి పదార్థమేదో ఎవరికీ తెలియదు. 1941లో అమెరికాలో మరికొందరు పాలకూర నుండి ఒక పదార్థాన్ని గ్రహించి, ఆకు అనే అర్థం గల లాటిన్ మాట నుండి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. అది ఆకులో ఉన్నది, కాలేయంలో ఉన్నది, ఈస్టులో ఉన్నది. కాని అతి స్వల్పంగా. రోగులకు పంచాలంటే మానవుడు దానిని స్వయంగా తయారు చేయవలసిందే.

సుబ్బారావు నాయకత్వాన స్టోక్‌స్టాడ్, హచింగ్స్, ఏంజియర్ ప్రభృతులు ఆ పనికి పూనుకున్నారు. 1945లో ఫోలిక్ ఆమ్లం కృత్రిమంగా సిద్ధమయింది. వెంటనే టామ్ స్పైస్ అనే వైద్యుడు దానిని స్ప్రూ రోగులకు ఇచ్చి చూడగా, కొద్ది దినాలలో నాలుక పూత మాని, ఆకలి పుట్టి, రక్తం వృద్ధి అయింది. సోదరులిద్దరిని మ్రింగిన మహమ్మారికి, ఇంచుమించు పాతికేళ్ల తరువాత, అన్న చేతి మీదుగానో తమ్ముని చేతి మీదుగానో కాక, వేల మైళ్ల దూరాన వారి సోదరుని పరిశోధనాలయం నుండే మందు వచ్చింది.

కాని అమృతానికి సయితం ఒక హద్దు ఉన్నదని త్వరలోనే తెలిసింది. పెర్నిషియస్ ఎనీమియా అనే వేరొక పాండురోగంలో ఫోలిక్ ఆమ్లం రక్తాన్ని బాగుచేస్తుంది కాని నరాలను కాపాడదు. రక్తపరీక్ష చూసి వైద్యుడు తృప్తి చెందుతుండగా, లోలోపల రోగి కాళ్లు తిమ్మిరెక్కి నడక తప్పిపోతుంది. ఆ రోగానికి కావలసినది బి12 విటమిను; అది 1948లో శాస్త్రజ్ఞుల చేతికి చిక్కింది. ఏ రక్తహీనతయో గుర్తించకుండా మందు ఇవ్వరాదన్న పాఠం వైద్యలోకానికి అప్పుడు అందింది.

విటమినుకు శత్రువు

ఫోలిక్ ఆమ్లం కణాలు విభజన చెందడానికి అవసరమైన సామగ్రిని సమకూర్చుతుంది. రక్తకణాలు నిత్యం కోట్ల సంఖ్యలో పుట్టవలసినవి గనుక దాని లోటు ముందుగా రక్తంలో బయటపడుతుంది. బోస్టన్‌లోని బాలల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యునికి దీని నుండి ఒక ఆలోచన స్ఫురించింది. ల్యుకీమియా అనే రక్తపు కేన్సరులో తెల్లకణాలు అదుపు లేకుండా పెరుగుతవి. ఆ బిడ్డలకు ఫోలిక్ ఆమ్లపు సంబంధీకాలు ఇచ్చినప్పుడు రోగం మరింత విజృంభించినట్లు ఆయనకు తోచింది. అట్లయితే ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డగించే పదార్థం ఇస్తే ఆ కణాలు పస్తులుండి నశించవా?

ఆ శత్రుపదార్థాలను తయారు చేసి పంపినది సుబ్బారావు బృందం. విటమిను అణువులో స్వల్పమైన మార్పు చేస్తే, కణం దానిని విటమిను అని భ్రమించి స్వీకరిస్తుంది; స్వీకరించాక పని ఆగిపోతుంది. తాళంలో దూరి తిరగని దొంగతాళపుచెవి వంటిది అది. అమైనోప్టెరిన్ అనే ఆ మందును ఫార్బర్ 1947 చివర బిడ్డలకు ఇవ్వనారంభించాడు. 1948 జూన్‌లో ఫలితాలు ప్రకటించాడు. 16 మంది బిడ్డలలో 10 మందికి గుణం కనిపించింది. ఆ గుణం తాత్కాలికమే; రోగం మరల తిరుగబెట్టేది. అయినను, అంతవరకు మృత్యువు తప్ప వేరు దారి లేని వ్యాధి ఒక ఔషధానికి లొంగడం అదే మొదలు. కేన్సరుకు మందులతో చికిత్స చేసే యుగం అక్కడ ప్రారంభమయింది.

అమైనోప్టెరిన్ తోబుట్టువే మెథోట్రెక్సేట్. అదియూ ఆ పరిశోధనాలయంలో పుట్టినదే. తరువాతి దశాబ్దాలలో అది అమైనోప్టెరిన్ స్థానాన్ని ఆక్రమించింది. కేన్సరును దాటి, సోరియాసిస్ అనే చర్మవ్యాధికి, కీళ్లవాతానికి ముఖ్యౌషధమయింది. ఈ కాలంలోనే బోదకాలు వ్యాధికి హెట్రజాన్ అనే మందు, బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుండి గ్రహించిన ఆరియోమైసిన్ సుబ్బారావు అధిపత్యంలోని పరిశోధనాలయం నుండి లోకానికి అందినవి.

1948 ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో మరణించారు. అప్పటికి వయస్సు 53 ఏండ్లు. ఫార్బర్ ఫలితాలు అచ్చయి రెండు మాసాలు మాత్రమే గడిచినవి. మెథోట్రెక్సేట్ మానవాళికి చేయబోయే మేలు ఆయన చూడలేదు.

మరియొక జంట

సుబ్బారావు గతించిన ఆ 1948వ సంవత్సరమే అమెరికాలో ఇంకొక విషం అంగడికి వచ్చింది. దాని పేరు వార్ఫరిన్. పని, ఎలుకలను చంపడం. పాడైన తీపి క్లోవరు గడ్డి తిన్న పశువులు రక్తం గడ్డకట్టక చనిపోతుండగా, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ లింక్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు కారణం వెదకి, 1939లో డైకుమరాల్ అనే పదార్థాన్ని ఆ గడ్డి నుండి వేరు చేశాడు. వార్ఫరిన్ దాని వారసురాలు. గుండెపోటు రోగులకు డైకుమరాల్ ఇచ్చి చూసే ప్రయత్నాలు అప్పటికే సాగుతున్నవి. 1954లో వార్ఫరిన్ సయితం మానవులకు ఔషధమయింది.

వార్ఫరిన్ పని చేసే తీరు పరిశీలిస్తే సుబ్బారావు కథయే మరల కనిపిస్తుంది. రక్తం గడ్డకట్టడానికి కె విటమిను అవసరం. దానిని డెన్మార్కు శాస్త్రజ్ఞుడు హెన్రిక్ డామ్ కనుగొన్నాడు. వార్ఫరిన్ ఆ విటమిను పనిని అడ్డగిస్తుంది. ఫోలిక్ ఆమ్లానికి మెథోట్రెక్సేట్ ఎట్టిదో, కె విటమినుకు వార్ఫరిన్ అట్టిది. జనులు దీనిని రక్తాన్ని పలుచన చేసే మందు అంటారు. నిజానికి రక్తం పలుచబడదు. గడ్డకట్టే వేగం మాత్రం మందగిస్తుంది. మోతాదు చాలకపోతే గుండెలోనో మెదడులోనో గడ్డ ఏర్పడుతుంది, మించితే రక్తస్రావమవుతుంది. రెంటి నడుమ ఉన్న బాట ఇరుకైనది.

ఆ బాటలో దారి చూపేది కొలత ఒక్కటే. రక్తం గడ్డకట్టే కాలాన్ని లెక్కించే పరీక్షను 1935లో ఆర్మండ్ క్విక్ రూపొందించాడు. ఒక్కొక్క ప్రయోగశాలలో ఒక్కొక్క విధంగా వచ్చే ఫలితాలను సమం చేయడానికి 1980 దశకంలో ఐ.ఎన్.ఆర్. అనే అంతర్జాతీయ సంఖ్య అమలులోకి వచ్చింది. ఆరోగ్యవంతునికి అది ఇంచుమించు 1. వార్ఫరిన్ వాడేవారిలో చాలామందికి 2, 3 సంఖ్యల నడుమ ఉండాలి. కొన్ని కృత్రిమ కవాటాలు గలవారికి కొంచెం ఎక్కువ. అది ఎంత ఉండవలెనో నిర్ణయించవలసినవాడు చికిత్స చేసిన వైద్యుడు.

పల్లెకు చేరిన మందులు

ఈ మందులు పుట్టినది మహానగరాలలో అయినా, వాడుక సాగేది పల్లెలలో. సూర్యాపేట జిల్లాలో కోదాడ సమీపాన గల అనంతగిరి మండలం వంటి చోటును తలచుకుంటే ఈ సంగతి బోధపడుతుంది. గుండె కవాటం మార్చిన రోగి శస్త్రచికిత్స హైదరాబాదులో జరుగుతుంది. కీళ్లవాతానికి మందు వ్రాసే నిపుణుడూ నగరంలోనే ఉంటాడు. చీటీ చేతబట్టుకొని రోగి ఊరు చేరిన తరువాత, జ్వరం వచ్చినా, నడుము నొప్పి పుట్టినా, పన్ను పీకించుకోవలసినా వెళ్లేది దగ్గరి డాక్టరు వద్దకే. కనుక ఆ అమృతహాలాహలాలను కాచి ఉండవలసిన భారం చివరకు సాధారణ వైద్యునిపై, రోగిపై, ఇంటివారిపై పడుతుంది.

మెథోట్రెక్సేట్ విషయంలో మొదటి సూత్రం వారం. కీళ్లవాతానికి దానిని వారానికి ఒక్కనాడు మాత్రమే మ్రింగాలి. ప్రతి దినమూ మ్రింగవలసిన మందుల నడుమ దీనినీ చేర్చి, పొరపాటున రోజూ వేసుకొని ప్రాణం మీదికి తెచ్చుకున్నవారు అనేక దేశాలలో ఉన్నారు. అట్టి పొరపాటులో నోరు పుండవుతుంది, తెల్లకణాలు క్షీణిస్తవి, జ్వరం విడువదు. కనుక మంచి వైద్యుడు చీటీపై సోమవారమో బుధవారమో స్పష్టంగా వ్రాస్తాడు. ఆ దినం కాక మరియొకనాడు ఫోలిక్ ఆమ్లం వ్రాస్తాడు. శత్రువు చేసే అదనపు హానిని విటమిను తగ్గిస్తుంది. తొలిమాసాలలో కొన్ని వారాలకొకసారి, పిదప రెండు మూడు మాసాలకొకసారి రక్తకణాల లెక్క, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చేయించాలి. మోతాదు మించినట్లు తేలితే ఫోలినిక్ ఆమ్లం విరుగుడు.

వార్ఫరిన్ విషయంలో సూత్రం నిలకడ. ప్రతిదినం ఒకే వేళకు మ్రింగాలి. ఒకనాడు మరచితే మరునాడు రెట్టింపు మ్రింగరాదు. నేడు మోతాదు మార్చితే దాని ఫలితం రెండు మూడు దినాలకు గాని పూర్తిగా కనిపించదు. కనుక తొందరపడి మరల మార్చరాదు. తోటకూర, గోంగూర, మునగాకు వంటి ఆకుకూరలలో కె విటమిను సమృద్ధిగా ఉంటుంది. వాటిని మానవలసిన పని లేదు. ఎప్పుడూ ఒకే పాటిగా తింటే చాలు. ఒక వారం అసలు ముట్టక, మరు వారం రోజూ తింటే లెక్క చెడిపోతుంది. చిగుళ్ల నుండి రక్తం కారినా, మూత్రం ఎర్రబడినా, మలం తారువలె నల్లబడినా, తలకు దెబ్బ తగిలినా ఆలస్యం చేయక ఆసుపత్రికి చేరాలి. అవసరమైనప్పుడు కె విటమినే దీనికి విరుగుడు.

ఊరిలో నొప్పికి సూది వేయించుకొనే అలవాటు చాలామందికి ఉన్నది. వార్ఫరిన్ వాడేవారి కండరంలో సూది గుచ్చితే లోపల రక్తం చేరి గడ్డగా వాచవచ్చును. ఆ సూదిలోని నొప్పిమందు కడుపులో పుండు రేపి రక్తస్రావాన్ని ఇంకా పెంచుతుంది. మెథోట్రెక్సేట్ వాడేవారికి అదే నొప్పిమందు మూత్రపిండాలను దెబ్బతీసి, మందు దేహంలోనే నిలువచేయవచ్చును. మూత్రపు మంటకు తరచుగా వ్రాసే కోట్రైమాక్సజోల్ బిళ్ల ఇంకొక చిత్రమైన ఉదాహరణ. అందులోని ఒక భాగం ఫోలిక్ ఆమ్లానికి శత్రువు గనుక మెథోట్రెక్సేట్‌తో కలిసి రక్తకణాలను నశింపజేస్తుంది. మరియొక భాగం వార్ఫరిన్ బలాన్ని హెచ్చించి రక్తం కార్పిస్తుంది. క్షయకు వాడే రిఫాంపిసిన్ దీనికి విపరీతంగా వార్ఫరిన్ బలాన్ని తగ్గిస్తుంది. ఈ రెండు మందులూ గర్భస్థ శిశువుకు హానికరమైనవి. గర్భం ధరించదలచిన స్త్రీ ముందుగానే వైద్యుని సంప్రదించాలి. కనుక ఏ వైద్యుని వద్దకు వెళ్లినా, ఏ మందుల దుకాణం ముందు నిలిచినా, తాను వాడే మందు పేరు మొదట చెప్పడం రోగి నేర్చుకోవలసిన విద్య. చదువు రాని తల్లిదండ్రుల పక్షాన ఆ పేరు చదివి చెప్పవలసినవారు పాఠశాలకు వెళ్లే పిల్లలే.

ఇటీవలి కాలంలో రక్తం గడ్డకట్టకుండా చేసే కొత్త మందులు వచ్చినవి. వాటికి ఐ.ఎన్.ఆర్. పరీక్ష అవసరం లేదు. అయినను మూత్రపిండాల స్థితిని బట్టి వాటి మోతాదు చూడవలసినదే. లోహపు గుండె కవాటం గలవారికి అవి పనికిరావు. వారికి నేటికీ వార్ఫరిన్, దాని కుటుంబపు అసెనోకుమరాల్ ఆధారం. కొలత అవసరం తీరిపోలేదు. రూపం మాత్రం మారింది.

మిగిలిన స్మృతి

సుబ్బారావు పేరు ఆయన బ్రతికి ఉండగా లోకానికి అంతగా తెలియలేదు. తన బృందంలోని వారి పేర్లు ముందు నిలిపి తాను వెనుక నిలిచేవారు. 1953లో ఒక శిలీంధ్రజాతికి సుబ్బారోమైసెస్ అని నామకరణం చేసి అమెరికా శాస్త్రజ్ఞులు ఆయనను స్మరించారు. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత ప్రభుత్వం ఆయన చిత్రంతో తపాలా బిళ్ల వెలువరించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించే అత్యవసర ఔషధాల పట్టికలో ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్ రెండూ ఉన్నవి. వార్ఫరిన్ కూడా ఉన్నది.

ఇవన్నీ కాక, మన పాఠశాలలలో ఆయన స్మృతి వారం వారం కదలుతున్నది. 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం క్రింద కౌమార బాలబాలికలకు వారానికి ఒకటి చొప్పున ఇచ్చే నీలిరంగు బిళ్లలో 60 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉన్నది. ఆ బిళ్లను పంచే ఉపాధ్యాయుడు దానిని కృత్రిమంగా తయారు చేసిన బృందానికి భీమవరంలో పుట్టిన ఒక మనిషి నాయకుడని చెప్పవచ్చును. మెట్రిక్యులేషన్ రెండుమారులు తప్పిన బాలుడు ఆయన అని కూడా చెప్పవచ్చును. ఆపై, అదే బిళ్లలోని విటమినుకు ఒక శత్రువు ఉన్నదనీ, ఇంట తాతగారో నాయనమ్మగారో దానిని వాడుతున్నట్లయితే అది వారానికి ఒక్కనాడేనా అని చీటీ చూడమనీ చెప్పితే, ఆ పాఠం ఒక ప్రాణాన్ని నిలుపవచ్చును. రక్తంలోని రవ్వంత భాస్వరాన్ని నీలిరంగుతో కొలిచి చూపిన శాస్త్రజ్ఞునికి అంతకన్న తగిన నివాళి వేరొకటి ఉండబోదు.